సైన్‌తో నునుపైన విలువలు పుట్టించడం: చిక్కంతా కోణంలోనే

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ముందుగా తిరిగి చెబుతాను. అనంతపురం దగ్గర ఒక పాలీహౌస్‌లో ఉష్ణోగ్రతను బట్టి ఫ్యాన్లను వేసి ఆపే చిన్న పరికరాన్ని మీరు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా తయారు చేస్తున్నారు. దాన్ని బల్ల మీద పరీక్షించడానికి ఎండ ఎక్కేదాకా, దిగేదాకా కాచుకుని కూర్చోలేరు కాబట్టి, 22 డిగ్రీల నుంచి 40 డిగ్రీల దాకా పెరిగి మళ్లీ తగ్గే ఉత్తుత్తి ఉష్ణోగ్రతలను ప్రోగ్రామే పుట్టించాలి. మొదట, తోచిన అంకెలిచ్చే రాండమ్ ఫంక్షన్ వాడితే రిలే, అంటే ఫ్యాన్‌ను వేసి ఆపే స్విచ్చు, టకటకా కొట్టుకుంది. తర్వాత ఒక్కో అంకె పెంచుతూ పోయి 40 తగలగానే వెనక్కి తిప్పితే, విలువలు వరుసగానే వచ్చాయి గానీ కొసల దగ్గర గోడకు కొట్టిన బంతిలా ఠక్కున తిరిగాయి. ఎవరో సైన్ వాడమన్నారు. 31కి 9 రెట్ల సైన్ కలిపి, గంటల లెక్కను 0 నుంచి 23 దాకా నేరుగా అందులో పెడితే 31, 38.6, 39.2, 32.3, 24.2, 22.4 అంటూ మళ్లీ గెంతులే వచ్చాయి. నునుపుగా ఉంటుందన్న సైన్ ఇలా ఎందుకు ప్రవర్తిస్తోందన్నది మీ సందేహం.

సైన్ సరిగ్గానే ప్రవర్తిస్తోంది. మీరు గంటలు ఇచ్చారు, అది వాటిని కోణాలుగా తీసుకుంది. ప్రోగ్రామింగ్ భాషల్లోని సైన్ ఫంక్షన్‌కు దాదాపు అన్ని చోట్లా కోణాన్ని రేడియన్లలో ఇవ్వాలి, ఒక పూర్తి చుట్టుకు 6.283185 రేడియన్లు. అంటే మీ ప్రోగ్రాములో ఆరుంపావు గంటలకే ఒక రోజు గడిచిపోతోంది, అనంతపురానికి రోజుకు దాదాపు నాలుగు సార్లు తెల్లవారుతోంది. మీరు చూసిన గెంతులు ఆ నాలుగు తెల్లవారుజాములవే. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన సైన్ సమస్యల్లో నూటికి తొంభై ఈ జాతివేనని నా అనుభవం: సూత్రం బాగానే ఉంటుంది, దాని లోపలికి వెళ్లే కోణం ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చూడరు. అందుకని ఈ జవాబులో ఎక్కువ భాగం కోణం గురించే రాస్తున్నాను.

తిరునాళ్లలో జెయింట్ వీల్ ఎక్కిన సందర్భాన్ని గుర్తు తెచ్చుకోండి. చక్రం ఒకే వేగంతో తిరుగుతున్నా, నేల నుంచి మీ ఎత్తు ఒకే వేగంతో మారదు. పక్కన, ఇరుసుకు సమానమైన ఎత్తులో ఉన్నప్పుడు తొట్టి నిట్టనిలువునా లేస్తుంది. అన్నిటికన్నా పైకి చేరినప్పుడు మాత్రం కాసేపు ఆగినట్టే అనిపిస్తుంది, ఊరంతా చూడడానికి తీరిక దొరుకుతుంది. ఆ ఎత్తే సైన్. ఇరుసు ఎత్తు మధ్య విలువ, చక్రపు వ్యాసార్థం కంపన పరిమితి, ఒక చుట్టుకు పట్టే కాలం ఆవర్తన కాలం, మీరు ఎక్కిన చోటు తొలి దశ. ఇంటర్మీడియట్ భౌతిక శాస్త్రంలో సరళ హరాత్మక చలనం పేరుతో చదివింది ఇదే. ఈ నాలుగు అంకెలు తేలితే ఏ రెండు విలువల మధ్యనైనా నునుపైన ఊగిసలాట వస్తుంది:

మధ్య = (కనిష్ఠం + గరిష్ఠం) ÷ 2
సగం = (గరిష్ఠం − కనిష్ఠం) ÷ 2
కోణం = 6.283185 × (కాలం − తొలికాలం) ÷ ఆవర్తనం
విలువ = మధ్య + సగం × సైన్(కోణం)

మీ లెక్కలో మధ్య 31, సగం 9, ఆవర్తనం 24 గంటలు. విలువ మధ్యను దాటి పైకి లేచే క్షణమే ఇక్కడి తొలికాలం. కనిష్ఠం దగ్గరే మొదలుపెట్టాలనుకుంటే సైన్‌కు బదులు ఋణ కొసైన్ వాడడం తేలిక, అప్పుడు తొలికాలం అన్నది కనిష్ఠం వచ్చే వేళ అవుతుంది. పావు చుట్టు కూడాలా తీసేయాలా అని తలపట్టుకునే బాధ తప్పుతుంది. నేను ఎప్పుడూ ఋణ కొసైనే వాడతాను, ఎందుకంటే ఏ యంత్రమైనా, ఏ దీపమైనా సున్నా నుంచి బయలుదేరాలనే మనం కోరుకుంటాం.

ఒక చిన్న హెచ్చరిక. సీ, జావా వంటి భాషల్లో కాలమూ ఆవర్తనమూ పూర్ణాంకాలుగా ఉండి, బ్రాకెట్లు వేసి ముందు భాగహారం చేయిస్తే, 5 ÷ 24 సున్నా అవుతుంది. కోణం సున్నా దగ్గరే కూర్చుంటుంది, విలువ రోజంతా 31 దగ్గర కదలదు. ఒక్క అంకెను 24.0 అని రాస్తే సరిపోతుంది.

రేడియన్ అంటే చాలామంది విద్యార్థులకు డిగ్రీకి పోటీగా ఎవరో తెచ్చిపెట్టిన తలనొప్పిలా కనిపిస్తుంది. మన దగ్గర దీనికి పాత కథ ఒకటి ఉంది. 499లో ఆర్యభటుడు రాసిన ఆర్యభటీయంలో జ్య (నేటి సైన్) విలువలు 24 ఉన్నాయి, 225 కళలకు ఒకటి చొప్పున, అంటే మూడుముప్పావు డిగ్రీలకు ఒకటి. కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. ఆయన తీసుకున్న వ్యాసార్థం 3438. ఆ అంకె ఎందుకంటే, చుట్టుకొలతను 21600 కళలుగా పంచితే అదే కొలమానంలో వ్యాసార్థం దాదాపు 3438 వస్తుంది. చాపాన్నీ వ్యాసార్థాన్నీ జ్యనూ ఒకే కొలబద్దతో కొలవడం అన్న మాట, రేడియన్ వెనుక ఉన్న ఆలోచనా ఇదే. దాని లాభం పట్టికలో మొదటి విలువలోనే కనిపిస్తుంది: 225 కళల చాపానికి జ్య కూడా 225. చిన్న కోణాలకు సైన్ విలువ, రేడియన్లలో చెప్పిన కోణం దాదాపు ఒకటేనని నేడు మనం చెప్పుకునేది అదే. ఎనిమిదవ విలువ, అంటే 30 డిగ్రీలది, 1719, సరిగ్గా 3438లో సగం. జ్య అన్న ఈ మాటే జీవ అయి, అరబ్బీలోకి వెళ్లి, అక్కడ వేరొక మాటగా చదవబడి, లాటిన్‌లో సైనస్ అయి, సైన్‌గా మన పాఠ్యపుస్తకాలకు తిరిగి వచ్చింది. కాబట్టి రేడియన్‌ను పరాయిదిగా చూడనక్కరలేదు. ఇకపై 30 డిగ్రీల సైన్ కోసం 30 అని ఇస్తే 0.5 రాదని, −0.988 వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. ఆ అంకె ఎప్పుడు కనిపించినా ఎవరో డిగ్రీలు ఇచ్చారని నాకు వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు కోణం ఎక్కడి నుంచి రావాలన్న అసలు ప్రశ్న. లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ప్రతిసారీ కోణానికి 0.01 కలిపే పద్ధతి చాలా పాఠాల్లో కనిపిస్తుంది. తెర మీద బొమ్మ ఆడించడానికి అది పనిచేసినట్టే ఉంటుంది, కానీ వేగమైన కంప్యూటర్‌లో లూపు ఎక్కువసార్లు తిరుగుతుంది, నెమ్మది కంప్యూటర్‌లో తక్కువసార్లు తిరుగుతుంది. పైగా మధ్యలో సెన్సర్ చదవడానికో, సీరియల్ మానిటర్‌కు (పరికరం పంపే మాటలను చూపే కంప్యూటర్ తెరకు) ఒక వాక్యం పంపడానికో ఆలస్యమైతే ఊగిసలాట కూడా అంతసేపు కుంటుతుంది. కోణాన్ని గడియారం నుంచి తీసుకుంటే ఈ తేడాలేవీ అంటవు. మీరు వాడుతున్న చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డ్యూయినోలో అయితే, అది మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లీస్ ఫంక్షన్, కంప్యూటర్‌లో అయితే ప్రోగ్రాము మొదలైనప్పటి నుంచి గడిచిన సమయం వాడండి.

గడియారం వాడడంలోనూ ఒక గుంత ఉంది, అందులో నేనే పడ్డాను. ఒకసారి నమూనా విలువలు పంపే ప్రోగ్రాములో 1970 నుంచి (కంప్యూటర్ గడియారం లెక్క మొదలుపెట్టేది అక్కడే) గడిచిన మిల్లీసెకన్లను అలాగే 32 బిట్ల ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యలు దాచే చిన్న పెట్టెలో, పెట్టి సైన్‌కు ఇచ్చాను. నునుపైన వంపు రావలసిన చోట మెట్లు వచ్చాయి, రెండు నిమిషాలకు పైగా విలువ కదలదు, తర్వాత ఒక్కసారి గెంతుతుంది. ఒక పూట పోయాక కారణం తెలిసింది. ఆ మిల్లీసెకన్ల అంకె ఇప్పుడు లక్షా డెబ్బై వేల కోట్లను దాటింది. 32 బిట్ల ఫ్లోట్‌కు 24 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది కనుక, అంత పెద్ద అంకె దగ్గర పక్కపక్క విలువల మధ్య దూరం 131072, అంటే దాదాపు 131 సెకన్లు. మందు సులువే: సమయాన్ని పూర్ణాంకంగానే ఉంచి, ముందు ఆవర్తనంతో భాగించగా వచ్చే శేషాన్ని తీసుకుని, ఆ చిన్న అంకెను మాత్రమే దశాంశంగా మార్చి కోణం కట్టాలి. సైన్‌కు ఒక చుట్టు చాలు, వెయ్యి చుట్లు ఇచ్చినా అది చెప్పేది అదే. ఆర్డ్యూయినోలో మిల్లీస్ లెక్క 32 బిట్లది కాబట్టి దాదాపు 49.7 రోజులకు తిరిగి సున్నాకు వస్తుంది. మీ ప్రాజెక్టు పరీక్షకు ఇది అడ్డు కాదు గానీ, అదే పరికరాన్ని రైతు పొలంలో వదిలితే రెండు నెలలు నిండకముందే ఒక గెంతు కనిపిస్తుంది.

ఆవర్తనం మధ్యలో మారే సందర్భంలో మాత్రం పైన చెప్పిన సూత్రం నేరుగా పనికిరాదు. కర్నూలులో వినాయక చవితి మండపం ఒకదానికి, నిమజ్జనానికి కేసీ కాలువ దగ్గరి వినాయక ఘాట్‌కు వెళ్లే బండి మీద కూడా వెలిగేలా, మెల్లగా వెలిగి మెల్లగా ఆరే ఎల్‌ఈడీ దండలు చేసి ఇచ్చాను. వేగం మార్చుకోవడానికి ఒక నాబ్ పెట్టాను. నాబ్ తాకనంతసేపు దీపాలు ఊపిరి పీల్చి వదిలినట్టు హాయిగా వెలిగేవి. తిప్పిన మరుక్షణం పిచ్చిపట్టినట్టు మినుకుమినుకుమనేవి. కారణం ఇది: కోణాన్ని వేగం × మొత్తం కాలం అని కట్టాను. బండి బయలుదేరి గంట అయ్యాక వేగాన్ని రవ్వంత మార్చినా, ఆ రవ్వంత 3600 సెకన్లతో గుణించబడి కోణం పదుల చుట్లు ముందుకో వెనక్కో దూకుతుంది. నాబ్‌ను తిప్పుతున్నంతసేపూ దూకుతూనే ఉంటుంది. వేగం మారే చోట కోణాన్ని కూడబెట్టుకోవాలి:

కోణం = కోణం + 6.283185 × గడిచిన_క్షణం ÷ ఇప్పటి_ఆవర్తనం
కోణం 6.283185 దాటితే, అందులోంచి 6.283185 తీసేయాలి

గడిచిన క్షణం అంటే పోయినసారి లూపు నుంచి ఇప్పటిదాకా గడియారం చెప్పిన తేడా. ఇలా చేస్తే నాబ్ తిప్పినప్పుడు ఇకముందు నడిచే వేగమే మారుతుంది, ఇప్పటిదాకా నడిచిన దారి మారదు. ఆ రోజు మండపం కుర్రాళ్లు నాబ్‌కు టేపు చుట్టేసి ఊరేగింపు కానిచ్చారు, నేను సవరించింది మరుసటి ఏడాదికే పనికొచ్చింది.

దీపాల మాట వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. ఎల్‌ఈడీకి 0 నుంచి 255 వరకు సైన్ విలువలు నేరుగా ఇస్తే, అంకెలు నునుపుగా ఉన్నా కంటికి నునుపుగా ఉండదు. ఎక్కువసేపు నిండుగా వెలుగుతూ, చీకటి మాత్రం రెప్పపాటులో వచ్చి పోయినట్టు కనిపిస్తుంది. మన కన్ను కాంతిని సరళరేఖలో కొలవదు. సగం కాంతి మనకు దాదాపు ముప్పాతికలా తోస్తుంది. సైన్ విలువను 0 నుంచి 1 మధ్యకు తెచ్చి, దాన్ని 2.2వ ఘాతానికి హెచ్చించి, అప్పుడు 255తో గుణిస్తే కన్ను ఒప్పుకుంటుంది.

ఇక మీ ఉష్ణోగ్రతల దగ్గరికి వద్దాం. కోణం సరిచేశాక మీకు రెండో అనుమానం తప్పక వస్తుంది: విలువలు ఎక్కువగా 22 దగ్గర, 40 దగ్గర పేరుకుపోతున్నాయేమిటని. జెయింట్ వీల్ కొసన ఆగినట్టు అనిపించడం ఇదే. లెక్క వేస్తే, చక్రం తిరిగే కాలంలో మూడో వంతు మాత్రమే విలువ మధ్య సగంలో, అంటే 26.5కూ 35.5కూ నడుమ ఉంటుంది. మిగతా రెండు వంతుల కాలం రెండు కొసల వైపే గడుస్తుంది. మధ్యలో మాత్రం అన్నిటికన్నా వేగంగా మారుతుంది. మీ అంకెలతో ఆ గరిష్ఠ వేగం 9 × 6.283 ÷ 24, గంటకు 2.36 డిగ్రీలు. మీరు మొదట రాసిన, ఒక్కో అంకె పెంచి వెనక్కి తిప్పే పద్ధతిలో అదే దూరానికి ఎప్పుడూ గంటకు 1.5 డిగ్రీలే. నునుపు అంటే సమానం కాదన్న సంగతి ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. కొసల దగ్గర మూల తీసేసినందుకు మధ్యలో పరుగెత్తవలసి వస్తుంది. మీ పనికి ఇది మంచిదే, ఎందుకంటే నిజమైన ఎండ కూడా మిట్టమధ్యాహ్నం తర్వాత చాలాసేపు కదలకుండా మాడుస్తుంది. కానీ 22 నుంచి 40 దాకా ప్రతి విలువనూ సమానంగా పరీక్షించాలన్నది ఉద్దేశమైతే సైన్ తప్పు పనిముట్టు, అప్పుడు పాత పద్ధతే సరైనది. ఈ తేడా చూసుకోకుండా సైన్ విలువలను సమానంగా పరచిన విలువలని నమ్మి సగటులు కట్టినవాళ్లను చూశాను.

ఇంకో సవరణ కూడా చేయమంటాను. ఒకే సైన్‌తో రోజంతా కట్టితే ఉష్ణోగ్రత పెరగడానికి 12 గంటలు, తగ్గడానికి 12 గంటలు పడుతుంది. అనంతపురంలో ఏ రోజూ అలా ఉండదు. అన్నిటికన్నా చల్లగా ఉండేది తెల్లవారే వేళ, అన్నిటికన్నా వేడిగా ఉండేది మధ్యాహ్నం రెండు మూడు గంటలకు. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 3 దాకా తొమ్మిది గంటల్లో పెరిగి, అక్కడి నుంచి పదిహేను గంటలు తగ్గాలి. రెండు అర కొసైన్లను అతికిస్తే ఇది కుదురుతుంది. 3.141593 అంటే అర చుట్టు:

గంట 6కూ 15కూ నడుమ ఉంటే:
భాగం = (గంట − 6) ÷ 9
విలువ = 31 − 9 × కొసైన్(3.141593 × భాగం)

లేకపోతే, గంట 6 కన్నా తక్కువైతే ముందు 24 కలిపి:
భాగం = (గంట − 15) ÷ 15
విలువ = 31 + 9 × కొసైన్(3.141593 × భాగం)

చేతితో సరిచూసుకోండి. ఉదయం 6కు 22, 9కి 26.5, పదిన్నరకు 31, మధ్యాహ్నం 12కు 35.5, మూడింటికి 40 రావాలి. తిరుగు దారిలో రాత్రి 8కి 35.5, పదిన్నరకు 31, ఒంటిగంటకు 26.5 రావాలి. రెండు వేర్వేరు వంపులను అతికించినా అతుకు ఎందుకు కనిపించదంటే, కలిసే రెండు చోట్లా ఇరువైపులా వేగం సున్నా. కొసైన్ ముక్కలను కొస దగ్గర మాత్రమే కత్తిరించి అతికించాలి, మధ్యలో కత్తిరిస్తే మూల లేస్తుంది. పొద్దుటి పెరుగుదలలో గరిష్ఠ వేగం ఇప్పుడు గంటకు 3.14 డిగ్రీలు, రాత్రి తగ్గుదలలో 1.88. వ్యవసాయ వాతావరణ నమూనాల్లో పగటికి సైన్, రాత్రికి ఘాతీయంగా తగ్గే వంపు వాడడం కూడా ఉంది. ఫ్యాన్ పరీక్షకు అంత అవసరం లేదు.

ఒక విలువ నుంచి ఇంకొక విలువకు ఒక్కసారి మాత్రమే నునుపుగా జరగాలన్నా ఈ అర కొసైనే చాలు. డ్రిప్ వాల్వు తెరవడమో, తెర మీద బొమ్మ ఒక మూల నుంచి మరో మూలకు జరగడమో అలాంటి పనులు. సైన్ పిలవడం ఇష్టం లేనివాళ్లు భాగం వర్గానికి మూడు రెట్లలోంచి భాగం ఘనానికి రెండు రెట్లు తీసేసే బహుపది వాడతారు. భాగం పావు అయినప్పుడు కొసైన్ 0.146 ఇస్తే అది 0.156 ఇస్తుంది, కంటికి తేడా తెలియదు.

విలువలను పూర్ణాంకాలుగా మార్చే చోట దశాంశాన్ని కత్తిరించకండి, సవరించి దగ్గరి అంకెకు మార్చండి. కత్తిరిస్తే 40 అన్నది శిఖరం మీద ఒక్క క్షణం తప్ప రాదు, ఒక్కోసారి దశాంశపు చిన్న తేడాల వల్ల అదీ రాదు. అరచుట్టు సైన్ కంప్యూటర్‌లో ఖచ్చితంగా సున్నా కాదని, దశాంశం తర్వాత పదిహేను సున్నాలు దాటాక ఏదో ఒక అంకె మిగులుతుందని మీరూ చూసి ఉంటారు. అందుకే సైన్ విలువ సున్నాకు లేదా ఒకటికి సరిగ్గా సమానమైందా అని షరతు పెట్టి దాని మీద ఏ పనీ ఆధారపడేలా చేయకండి. ఒక చుట్టును ముందే పట్టికగా రాసుకునేటట్లయితే నమూనాల సంఖ్య నాలుగుతో భాగించబడేలా పెట్టుకోవాలి, అప్పుడే శిఖరమూ లోయా రెండూ పట్టికలో పడతాయి. చివరి నమూనా మొదటిదాన్ని తిరిగి చెప్పకుండా చూసుకోవాలి, లేకపోతే ప్రతి చుట్టుకూ ఒక చిన్న తడబాటు వస్తుంది.

మీరు వాడుతున్న ఆర్డ్యూయినో ఊనో ఆర్3లో సైన్ లెక్కించడం భారమా అని కూడా అడిగారు. అందులోని చిప్ 16 మెగాహెర్ట్జ్‌ది, దశాంశ లెక్కలకు ప్రత్యేక భాగం లేదు, ర్యామ్ 2 కిలోబైట్లే. అయినా సెకనుకు పదిసార్లు సైన్ పిలిస్తే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీ ప్రాజెక్టులో అలాగే పిలవండి. వందల దీపాలకు ఒక్కోదానికీ వేరే దశతో పిలవవలసి వచ్చినప్పుడే పట్టిక గురించి ఆలోచించాలి. 256 విలువల పట్టికకు నిజానికి పావు చుట్టు చాలు, మిగతా మూడు పావులూ అదే పట్టికను వెనక్కి చదివి, గుర్తు మార్చి తెచ్చుకోవచ్చు. పట్టిక కూడా వద్దనుకుంటే, ఏడవ శతాబ్దంలో మొదటి భాస్కరుడు ఇచ్చిన సూత్రం ఒకటి ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. కోణం డిగ్రీల్లో, 0 నుంచి 180 వరకు:

గుణితం = కోణం × (180 − కోణం)
సైన్ ≈ 4 × గుణితం ÷ (40500 − గుణితం)

0కు, 30కి, 90కి ఇది సరిగ్గా సరిపోతుంది. 45కు 0.7059 ఇస్తుంది, అసలు విలువ 0.7071. ఎక్కడా తప్పు 0.0017ను మించదు. మీ 9 డిగ్రీల కంపన పరిమితికి అది డిగ్రీలో నూటికి ఒకటిన్నర వంతు, మీరు పాలీహౌస్‌లో పెట్టబోయే డీఎస్18బీ20 సెన్సర్ తనంతట తానే అర డిగ్రీ అటూ ఇటూ చెప్పవచ్చు. తీసివేతలు, గుణకారాలు, ఒక్క భాగహారం, అంతే. 180 దాటిన కోణానికి 180 తీసేసి ఫలితం గుర్తు మార్చుకోవాలి. పూర్ణాంకాలతో చేయాలంటే మాత్రం 4 × గుణితం 32400 దాకా వెళుతుంది, హారం 40500 దాకా వెళుతుంది. ఊనోలో మామూలు పూర్ణాంకం 32767 దగ్గర ఆగిపోతుంది కాబట్టి పొడవైన పూర్ణాంకం తీసుకోండి, భాగించే ముందే లవాన్ని వెయ్యితో గుణించుకోండి.

సౌర విద్యుత్తు విలువలను కూడా ఇలాగే పుట్టించవచ్చా అన్న మీ చివరి ప్రశ్నకు అవునని చెబుతాను, అయితే అక్కడ ఋణ విలువలను సున్నా చేయాలి. ఓర్వకల్లు వైపు వెళ్లినప్పుడు వెయ్యి మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు పలకలు చూసే ఉంటారు. రాత్రిపూట వాటి ఉత్పత్తి సున్నా, పగలు సుమారుగా సైన్ పైభాగంలా లేచి దిగుతుంది. సైన్‌కూ సున్నాకూ ఏది పెద్దదైతే అది తీసుకుంటే చాలు. పొద్దుటా సాయంత్రమూ అక్కడ ఒక మూల వస్తుంది, అది ఉండవలసిన మూలే, నునుపు చేయాలని చూడకండి. 12 గంటల పగలుకు ఈ అర సైన్ కింది వైశాల్యం గరిష్ఠ ఉత్పత్తికి 7.64 గంటలతో సమానం. మేఘాలూ దుమ్మూ లేని ఆదర్శ రూపం అది.

ఇప్పుడు మీరు చేయవలసిన పరీక్ష. 24 గంటలను 4 నిమిషాల్లోకి కుదించండి, అంటే కాలాన్ని 360 రెట్లు పరుగెత్తించండి. ప్రతి నిజ సెకనూ రోజులో ఆరు నిమిషాలవుతుంది. పొద్దున అత్యంత వేగంగా పెరిగే వేళ కూడా ఉష్ణోగ్రత సెకనుకు 0.31 డిగ్రీలే మారుతుంది, కాబట్టి సెకనుకు పదిసార్లు విలువ ఇస్తే మెట్లు కనిపించవు. ఇంత నునుపైన విలువతో ఫ్యాన్ మీరు పెట్టిన హద్దుల ప్రకారం 34కు ఒక్కసారి మొదలై, 32కు ఒక్కసారి ఆగుతుంది, మీ పరికరం ఉత్తీర్ణమైపోతుంది. కానీ నిజమైన సెన్సర్ ఇంత మర్యాదగా ఉండదు. అందుకని రెండో విడతలో ఈ వంపు మీద 0.3 డిగ్రీలకు మించని రాండమ్ అదురును కలిపి నడపండి, మీరు మొదట వదిలేసిన రాండమ్ ఫంక్షన్‌కు సరైన చోటు అదే. మొదలయ్యే హద్దుకూ ఆగే హద్దుకూ నడుమ మీరు ఉంచిన రెండు డిగ్రీల ఎడం ఎందుకో రిలే చప్పుడే చెబుతుంది. కావాలంటే ఆ ఎడాన్ని ఒక్కసారి సున్నా చేసి వినండి.

ఒక్కటి మాత్రం మరవకండి. ఫ్యాన్ ఒకసారి మొదలైతే కనీసం మూడు నిమిషాలైనా తిరగాలన్న నియమం లాంటిది మీ ప్రోగ్రాములో ఉంటే, ఆ మూడు నిమిషాలను కూడా అదే 360తో భాగించి అర సెకను చేయాలి. ఉష్ణోగ్రతను మాత్రమే పరుగెత్తించి టైమర్‌ను నిజ గడియారంతో వదిలేస్తే, ఫ్యాన్ ఒక్కసారి మొదలై రోజులో మూడు పాళ్లు ఆగకుండా తిరుగుతుంది, మీరు మళ్లీ సైన్‌నే అనుమానిస్తారు.